వంటింటి మాటలతో హీబ్రూ తొలి పరిచయం

ఖేత్, లామెద్, బేత్. హీబ్రూ లిపిలో ఈ మూడు అక్షరాలను వరుసగా రాసి 'ఖలావ్' అని చదివితే పాలు. అవే మూడు అక్షరాలను 'ఖేలెవ్' అని చదివితే కొవ్వు. అదీ యూదు ధర్మశాస్త్రం తినకూడదని నిషేధించిన కొవ్వు. కాగితం మీద ఆ రెండు మాటలకూ తేడా లేదు. తేడా అంతా చదివేవారి నోట్లోనే ఉంది.

చాలా ఏళ్ల కిందట నేను గురువు లేకుండా పుస్తకాల సాయంతోనే ఈ భాష మొదలుపెట్టాను. అచ్చుల గుర్తులు లేని వాచకం చూసి మాటలు బట్టీపట్టాను. కొన్నాళ్లకు ఒక సదస్సులో పరిచయమైన యూదు దంపతులు తమ ఇంటికి పిలిచారు. కాఫీలో ఏమైనా కలపాలా అని అడిగితే, నా హీబ్రూ చూపిద్దామన్న ఉబలాటంతో 'ఖేలెవ్' కావాలన్నాను. ఆ ఇంటి ఇల్లాలు ఒక్క క్షణం ఆగి, నవ్వు ఆపుకొని, 'ఖలావ్' అని నెమ్మదిగా సరిదిద్దారు. కాఫీలో నిషిద్ధమైన కొవ్వు అడిగిన అతిథిని ఆవిడ అంతకుముందు చూసి ఉండరు. మీరు కూడా ఇంటి దగ్గర ఒంటరిగా చదువుకొనేవారే కాబట్టి నా తప్పుతోనే ఈ పాఠం మొదలుపెడుతున్నాను.

ఈ పాఠంలో హీబ్రూ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. 'ఖ' ఉన్నచోట మన ఖకారం కాకుండా, ఉర్దూవారు 'ఖబర్' అనేటప్పుడు గొంతు రాపిడితో పలికే ధ్వనిని పలకండి. ప్రతి మాటనూ పైకి చదవండి. కళ్లతో మాత్రమే చదివితే ఈ పాఠం సగమే చదివినట్టు.

అక్షరమాల

హీబ్రూ అక్షరాలు 22. అన్నీ హల్లులే. రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఇంగ్లీషులోలాగ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదం లేదు; అయిదు అక్షరాలకు మాత్రం మాట చివర వచ్చినప్పుడు వేరే రూపం ఉంటుంది. వీటి పేర్లు మీలో కొందరి కంట ముందే పడి ఉండవచ్చు. తెలుగు బైబిలులో 119వ కీర్తన తెరిచి చూడండి. ఎనిమిదేసి వచనాలకు ఒకటి చొప్పున ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ 22 పేర్లు వరుసగా కనిపిస్తాయి. మొత్తం 176 వచనాలు. మూలంలో ఒక్కొక్క భాగంలోని ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. అనువాదంలో ఆ అమరిక పోయి పేర్లు మాత్రం మిగిలాయి.

తెలుగులో 'క' అని రాస్తే అందులోనే అకారం ఉంది. గుడి, కొమ్ము, ఏత్వం పెట్టి మిగిలిన అచ్చులు చూపిస్తాం. హీబ్రూలో ఆ వసతి లేదు. మన రాతలో తలకట్లు, కొమ్ములు అన్నీ తీసేసి ప, ల అనే రెండు హల్లులే మిగిల్చామనుకోండి. అది పాలో, పూలో, పేలో, పులో ఎలా తేలుస్తారు? వాక్యాన్ని బట్టి తేలుస్తారు. గేదె ఇచ్చింది అంటే పాలే, తలలో దువ్వెనకు దొరికాయి అంటే పేలే. హీబ్రూ వార్తాపత్రిక చదివేవారు ప్రతి వాక్యంలోనూ ఈ పని చేస్తుంటారు. చేస్తున్నామని వారికి తెలియదు కూడా. వావ్, యోద్ వంటి కొన్ని హల్లులు అక్కడక్కడ అచ్చులకు ఆనవాలుగా నిలబడి కొంత సాయపడతాయి.

అచ్చులను చూపే చుక్కలు, గీతలు ఆ తరువాత ఎంతో కాలానికి వచ్చాయి. వీటిని 'నిక్కుద్' అంటారు. హీబ్రూ ఇళ్లలో మాట్లాడే భాషగా లేకుండా పోయాక, పవిత్ర గ్రంథాన్ని ఎలా చదవాలో రానున్న తరాలు మరచిపోతాయేమోనని పండితులు భయపడ్డారు. గలిలయ సముద్రపు ఒడ్డున ఉన్న తిబెరియ పట్టణంలోని పండితులు సుమారు 7 నుంచి 10 శతాబ్దాల మధ్య ఈ గుర్తులను స్థిరపరిచారు. అసలు అక్షరాలను మాత్రం ముట్టుకోలేదు. చుక్కలన్నీ వాటి కింద, పైన, లోపల చేరాయి. నేడు పిల్లల పుస్తకాల్లోనూ, కవిత్వంలోనూ, ప్రార్థన పుస్తకాల్లోనూ, నిఘంటువుల్లోనూ నిక్కుద్ కనిపిస్తుంది. మొదటి ఆరు నెలలు నిక్కుద్ లేని పుస్తకం జోలికి పోవద్దని నా సలహా. ఇంకో మాట: దాలెత్, రేష్ అక్షరాలు మన 'వ', 'న' లాగ కళ్లను మోసం చేస్తాయి. హే, ఖేత్ కూడా అంతే. బేత్ లోపల చుక్క ఉంటే 'బ', లేకపోతే 'వ'. ఖలావ్ చివర 'వ' పలికింది అందుకే.

మూడు హల్లుల ధాతువు

తెలుగు క్రియ రైలుబండి లాంటిది. 'తిను' అనే ఇంజను ముందుంటుంది. తిన్నాడు, తింటారు, తినిపించింది అంటూ పెట్టెలు వెనక తగులుకుంటాయి. హీబ్రూలో అలా కాదు. మూడు హల్లులు గుంజల్లా నిలబడి ఉంటాయి, వాటి మధ్య అచ్చులు మారుతుంటాయి. ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. హీబ్రూకు సోదరి భాష అయిన అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాటలు చూడండి. మనం 'కబురు' అనే ఖబర్, పత్రిక అనే అర్థంలోని 'అఖ్బార్' ఒకే ధాతువు. 'నజర్' అంటే చూపు, చూసి ఒప్పుకున్నది 'మంజూరు'. మన ఆఫీసు కాగితాల్లో ఈ ధాతువులు ఎప్పటినుంచో ఉన్నాయి, మనం విడదీసి చూడలేదంతే.

తినడానికి హీబ్రూ ధాతువు ఆలెఫ్, కాఫ్, లామెద్. ఆఖల్ అంటే తిన్నాడు. ఓఖెల్ అంటే తింటున్నాడు. ఓఖెలెత్ అంటే తింటున్నది. మఆఖాల్ అంటే వంటకం. మఆఖెలెత్ అంటే కత్తి; ఆదికాండములో అబ్రాహాము చేత పట్టుకున్న కత్తికి మూలంలో ఉన్న మాట ఇదే. తిండికి, కత్తికి ఒకే ధాతువు కావడం ఆ కథ చదివేటప్పుడు మనసులో ఒక ములుకులా గుచ్చుకుంటుంది. అనువాదం ఎంత మంచిదైనా దీన్ని మోయలేదు.

లామెద్, ఖేత్, మేమ్ తీసుకోండి. లెఖెమ్ అంటే రొట్టె. లఖ్మానియా అంటే బన్ను. బేత్ లెఖెమ్ అంటే రొట్టె ఇల్లు; అదే మనం బేత్లెహేము అంటున్న ఊరు. అరబ్బీలో ఇదే ధాతువు నుంచి వచ్చిన 'లహ్మ్' అంటే మాంసం. హల్లుల వరుస మార్చారా, మాటే మారిపోతుంది: మెలఖ్ అంటే ఉప్పు, ఖలోమ్ అంటే కల, మాఖల్ అంటే క్షమించాడు. సబ్బాతు భోజనంలో లెఖెమ్‌ను మెలఖ్‌లో అద్దుకొని తింటారు. ఈ రెండు మాటలనూ నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను.

'కోషర్' అన్న మాట మీరు విని ఉంటారు. అది తూర్పు ఐరోపా యూదుల ఉచ్చారణ నుంచి ఇంగ్లీషులోకి చేరిన రూపం. నేటి హీబ్రూలో కాషేర్, అంటే తగినది. తినదగిన ఆహారపు నియమాలన్నీ కలిపి కష్రూత్. ఇదే ధాతువు నుంచి వచ్చిన 'కోషెర్' అనే మరో మాటకు దేహదారుఢ్యం అని అర్థం. ఇజ్రాయెల్‌లో 'ఖెదెర్ కోషెర్' అన్న బోర్డు చూసి భోజనశాల అనుకొని వెళితే, లోపల బరువులు ఎత్తుతుంటారు. అది జిమ్.

తెలుగువారికి సులువైన వాక్యాలు

'ఇది రొట్టె' అనడానికి 'జె లెఖెమ్' అంటే చాలు. ఇంగ్లీషు నేర్చుకొనేటప్పుడు మనల్ని వేధించిన 'ఈజ్' ఇక్కడ లేదు. 'నాకు రొట్టె ఉంది' అనడానికి 'యేష్ లీ లెఖెమ్'. యేష్ అంటే ఉంది, లీ అంటే నాకు. 'నాకు పాలు లేవు' అంటే 'ఏన్ లీ ఖలావ్'. కలిగి ఉండడానికి ప్రత్యేక క్రియ లేక 'నాకు ఉంది' అనుకొనే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. తెలుగు, హీబ్రూ రెండూ ఆ బాపతువే. కాబట్టి హీబ్రూ వాక్యాన్ని ఇంగ్లీషు మీదుగా అర్థం చేసుకోవద్దు. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి.

కష్టం ఎక్కడంటే, లింగభేదంలో. 'నేను రొట్టె తింటున్నాను' అని మగవాడంటే 'అనీ ఓఖెల్ లెఖెమ్', ఆడవారంటే 'అనీ ఓఖెలెత్ లెఖెమ్'. 'నువ్వు' కూడా రెండు: మగవాడైతే 'అతా', స్త్రీ అయితే 'అత్'. హిందీ వచ్చినవారికి 'ఖాతా, ఖాతీ' గుర్తొస్తుంది. విశేషణం నామం తరువాత వస్తుంది: 'లెఖెమ్ తాయీమ్' అంటే రుచికరమైన రొట్టె. నామానికి ముందు 'హ' చేర్చి 'హలెఖెమ్ తాయీమ్' అంటే ఆ రొట్టె రుచిగా ఉంది అని పూర్తి వాక్యం అయిపోతుంది.

పాలు, మాంసం

మేకపిల్లను దాని తల్లిపాలలో వండకూడదన్న నియమం తోరాలో మూడుచోట్ల వస్తుంది: నిర్గమకాండములో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండములో ఒకసారి. ఆ ఒక్క నియమాన్ని తరువాతి పండితులు విస్తరించి, పాలను మాంసాన్ని కలిపి వండకూడదు, తినకూడదు, ఆ వంటకం వల్ల ఏ లాభమూ పొందకూడదు అన్నారు. ఆచారం పాటించే ఇంట్లో గిన్నెలు రెండు జతలు ఉంటాయి. మాంసం 'బాసార్' కాబట్టి ఒక జత 'బెసారీ', పాలు 'ఖలావ్' కాబట్టి మరో జత 'ఖలావీ'. హైదరాబాదీ, సర్కారీ అన్నప్పటి ఈకారం లాంటిదే ఇది. రెండింటికీ చెందని కూరగాయలు, గుడ్లు, చేపలను యిద్దిష్ మాటతో 'పార్వె' అంటారు. మాంసం తిన్నాక పాలు తాగడానికి చాలా సమాజాల్లో ఆరు గంటలు, జర్మన్ యూదుల్లో మూడు గంటలు, డచ్చి యూదుల్లో ఒక గంట ఆగుతారు.

ఇప్పుడు మొదటి పేరాకు తిరిగి వెళ్లండి. తోరా వచనంలో అచ్చులు లేవు. అక్కడ ఉన్నవి ఖేత్, లామెద్, బేత్ మాత్రమే. 'తల్లి పాలలో' అని కాకుండా 'తల్లి కొవ్వులో' అని ఎందుకు చదవకూడదు? ఇది నా ప్రశ్న కాదు. బాబిలోనియా తల్మూదులో సన్హెద్రిన్ అనే భాగంలో పండితులు దీన్ని చర్చించారు. రాసిన హల్లులకు ప్రాధాన్యం ఇవ్వాలా, తరతరాలుగా చదువుతూ వచ్చిన పలుకుబడికి ఇవ్వాలా అన్నది వారి వాదం. ఇక్కడ పలుకుబడే నెగ్గింది. అంటే, రాతలో లేని ఒక అచ్చు మీద, నోటి నుంచి నోటికి వచ్చిన ఒక ఉచ్చారణ మీద, ఎన్నో ఇళ్లలోని గిన్నెల అలమరలు రెండుగా విడిపోయాయి. హీబ్రూ నేర్చుకోవాలంటే నిక్కుద్‌ను నిర్లక్ష్యం చేయవద్దని నేను అంత గట్టిగా ఎందుకు చెప్పానో మీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది.

చేపల విషయం సులువు. రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. మన చెరువుల్లోని బొచ్చె, శీలావతి సరిపోతాయి. పొలుసు లేని వాలుగ పనికిరాదు. రొయ్యలు, పీతలు సరేసరి.

ఈ నియమాలను ఒకచోట చేర్చిన ప్రసిద్ధ స్మృతి గ్రంథం పేరు 'షుల్ఖాన్ ఆరూఖ్'. షుల్ఖాన్ అంటే బల్ల. పేరుకు అర్థం 'వడ్డించడానికి సిద్ధం చేసిన బల్ల'. సఫెద్ పట్టణంలో యోసెఫ్ కారో రాయగా 1565లో వెనిస్‌లో అచ్చయింది. అది ఎక్కువగా స్పెయిన్ మూలాల యూదుల ఆచారాన్ని అనుసరించింది. పోలండులోని క్రాకో నగరానికి చెందిన మోషె ఇస్సెర్లెస్ తమవైపు ఆచారాలు చేరుస్తూ దానికి వ్యాఖ్య రాసి 'మప్పా' అని పేరు పెట్టారు. మప్పా అంటే బల్ల మీద పరిచే గుడ్డ. ధర్మశాస్త్ర పండితులకు హాస్యం ఉండదని ఎవరన్నారు?

సబ్బాతు కుండ

సబ్బాతునాడు నిప్పు రాజేయకూడదు, వండకూడదు. అయినా ఆ మధ్యాహ్నం వేడి అన్నం తినాలి. అందుకని శుక్రవారం పొద్దుగూకకముందే కుండను సన్నని సెగ మీద పెట్టి రాత్రంతా వదిలేస్తారు. 'ఖామ్' అంటే వేడి, దాని నుంచి ఆ వంటకం 'ఖమీన్'. తూర్పు ఐరోపాలో దీన్నే 'చోలెంత్' అంటారు; మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు వేస్తారు. ఇరాకు యూదుల 'త్బీత్'లో కోడి, బియ్యం. మొరాకోలో దీనికి 'దఫీనా' అని పేరు, అంటే పూడ్చిపెట్టినది. నిప్పుకణికల్లో, బూడిదలో కుండను కప్పిపెట్టే అలవాటు వల్ల వచ్చింది. ఉర్దూలో శవాన్ని 'దఫన్' చేయడం అన్నప్పటి ధాతువే.

నియమం ఒకటి, కుండలు అనేకం. 'యూదుల వంట' అని ఒకే వంటను ఊహించుకోవద్దని చెప్పడానికే ఇన్ని పేర్లు చెప్పాను. హుమ్ముస్, ఫలాఫెల్ వంటివి ఈ రోజు ఇజ్రాయెల్ వంటకాలుగా ప్రచారంలో ఉన్నా, అవి ఆ ప్రాంతపు అరబ్బుల వంటలు; యూదులు అక్కడ నేర్చుకున్నవి. ఈ మాట చెప్పకుండా దాటేయడం చదువుకున్నవారికి తగదు.

'షబ్బాత్' అంటే ఆగడం. నేటి హీబ్రూలో కార్మికుల సమ్మెకు 'ష్వీతా' అంటారు, అదీ ఇదే ధాతువు.

పులిసినది, పులియనిది

పస్కా పండుగ రోజుల్లో పులిసిన ధాన్యపు పదార్థం ఏదీ ఇంట్లో ఉండకూడదు. ఆ పులిసిన పదార్థం 'ఖామేత్స్'. ఇదే ధాతువు నుంచి 'ఖామూత్స్' అంటే పుల్లనిది, 'ఖోమెత్స్' అంటే సిర్కా, 'ఖమూత్సీమ్' అంటే ఊరగాయలు. ఇంగ్లీషులో పుల్లదనానికి, పిండి పొంగడానికి వేరు వేరు మాటలు. తెలుగులో? పులుపు, పులియడం, పులిసిన దోసెల పిండి, పులిహోర. మన భాష కూడా హీబ్రూలాగే పులుపునూ పులియడాన్నీ ఒకే వేరు నుంచి చెప్పింది. తెలుగు బైబిలు అనువాదకులు 'పులియని రొట్టెలు' అన్నప్పుడు మూలానికి ఎంత దగ్గరగా వచ్చారో చూడండి.

ఆ పులియని రొట్టె 'మత్సా'. పిండిలో నీళ్లు పడిన క్షణం నుంచి 18 నిమిషాల లోపల కాల్చడం పూర్తికావాలి. ఖామేత్స్ అయ్యేవి అయిదు ధాన్యాలే: గోధుమ, బార్లీ, వాటి దగ్గరి జాతులు. బియ్యం ఆ లెక్కలో లేదు. అయినా తూర్పు ఐరోపా యూదులు జాగ్రత్త కోసం పస్కాలో బియ్యం, పప్పుధాన్యాలు మానేసే ఆచారం పెట్టుకున్నారు. తూర్పు దేశాల యూదుల్లో చాలామంది నిక్షేపంగా అన్నం తింటారు. పండుగ భోజనాన్ని 'సెదెర్' అంటారు, అంటే క్రమం. అందులోంచే రోజువారీ మాట 'బెసెదెర్' వచ్చింది: క్రమంలో ఉంది, అంటే 'సరే'. మీరు ఇజ్రాయెల్‌లో అడుగుపెడితే అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట ఇదే అనుకోవచ్చు.

మన దేశంలో కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు ద్రాక్షాసారా దొరకనిచోట ఎండుద్రాక్షలు నానబెట్టి తీసిన రసంతో ఆశీర్వచనం చెప్పుకొనేవారు. మొక్కు తీరినప్పుడు ఏలీయా ప్రవక్తను తలచుకొని 'మలీదా' పెడతారు: అటుకులు, కొబ్బరి, చక్కెర, ఏలకులు, పండ్లు. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద పేరూ ఇదే. 'నలిపినది' అనే అర్థంలోని పారసీ మాట ఇటూ అటూ చేరింది.

మాటలు పుట్టించుకున్న కాలం

రమారమి క్రీ.శ. 200 నుంచి హీబ్రూ ఎవరికీ ఇంటి భాష కాదు. కానీ చచ్చిన భాష అనడం తప్పు. ప్రార్థనలో, పాండిత్యంలో, దూరదేశాల యూదుల మధ్య ఉత్తరాల్లో అది నడుస్తూనే ఉంది. రొట్టెకు, ద్రాక్షారసానికి, చెట్టున కాసిన పండుకు వేరు వేరు ఆశీర్వచనాలు ఉండడం వల్ల వంటింటి మాటలు ప్రతిరోజూ నోట్లో నానాయి. ఎలియెజెర్ బెన్ యెహూదా 1881లో యెరూషలేము చేరి, మరుసటి ఏడు పుట్టిన కొడుకుతో హీబ్రూ తప్ప మరో భాష మాట్లాడనివ్వలేదు. పసివాడికి రోజూ వందల మాటలు కావాలి. పాత గ్రంథాల్లో ఐస్‌క్రీముకు మాట లేదు. మంచు పొరకు ఉన్న అరమాయిక్ మాట 'గ్లీదా' దానికి స్థిరపడింది. నారింజ 'తపూఆఖ్ జహావ్', బంగారు ఆపిల్. క్రమంగా కుదించుకొని 'తపూజ్' అయింది. బంగాళాదుంప 'తపూఆఖ్ అదమా', నేల ఆపిల్. టమాటాకు కొందరు కల్పించిన 'అగ్వానియా' అన్న మాటలో కామవాంఛ ధ్వనిస్తుందని బెన్ యెహూదాకు నచ్చలేదు. ఆయన అరబ్బీ నుంచి 'బదూరా' అనే మాట వాడి చూశారు. జనం వినలేదు, ఈ రోజు బజారులో అగ్వానియానే. మన పండితులు 'రామములగ' అన్నా సంతలో టమాటానే నిలిచింది కదా. 1922లో బ్రిటిష్ వారి అధీనంలోని పాలస్తీనాలో ఇంగ్లీషు, అరబ్బీలతోపాటు హీబ్రూ అధికార భాష అయింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన చనిపోయారు.

గుంటూరు జిల్లాలో

ఈ భాష నేర్చుకుంటున్న తెలుగువారు మీ ఒక్కరే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిమ్' అని తమను పిలుచుకొనే కుటుంబాలున్నాయి. క్రైస్తవులైన మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన వీరు 1980ల చివరి నుంచి యూదు మతాన్ని ఆచరిస్తున్నారు. తాము ఇజ్రాయెల్ పూర్వపు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెబుతారు. సబ్బాతు పాటిస్తారు, పెద్ద వయసులో హీబ్రూ నేర్చుకుంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరి గురించి చేసిన పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. వంశం గురించిన వారి మాటకు చారిత్రక ఆధారం ఎంత అన్న ప్రశ్న ఉంది, దాన్ని అడగడం తప్పు కాదు. కానీ మరొకటి గమనించండి. పశుమాంసం తింటారన్న కారణం చూపి మనుషులను ఊరి చివర ఉంచిన సమాజం మనది. ఏది తినదగినది, ఏది కాదు అని చెప్పే హక్కు ఇంతకాలం ఊళ్లోవారిదే. ఈ కుటుంబాలు తమ తిండిని మరో ధర్మశాస్త్రపు వెలుగులో చదువుకొని, ఇది మాకు తగినది అంటున్నాయి. 'కాషేర్' అంటే తగినది అని పైన రాసుకున్నాం.

అభ్యాసం

ఒక నోటుపుస్తకంలో ఈ పాఠంలోని తిండి మాటలన్నీ వాటి ధాతువు హల్లులతో సహా రాయండి. ఆ తరువాత మీ ఇంటి వంటగదిలోకి వెళ్లి, ఉన్నవాటికి 'యేష్ లీ', లేనివాటికి 'ఏన్ లీ' చేర్చి అయిదు వాక్యాలు పైకి చెప్పండి. పాల గిన్నె దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, అచ్చు సరిచూసుకొని చెప్పండి.